మొరం గుంతకు మళ్లీ పచ్చదనం: తవ్వక ముందే ప్లాన్ ఎందుకు ఉండాలి? వరంగల్ నేలలో ఏం నాటాలి?

వరంగల్: కొత్త రోడ్డు వేయాలంటే మొరం కావాలి. ఇంటి బేస్‌మెంట్ నింపాలన్నా, ప్లాటు లెవల్ చేయాలన్నా మొరమే. వరంగల్, హనుమకొండ జిల్లాల్లో టిప్పర్లలో తరలిపోయే ఈ ఎర్ర గరుకు మట్టి ఎక్కడి నుంచి వస్తుందో ఊరి శివారులో సగం కోసేసిన గుట్టను చూస్తే తెలిసిపోతుంది. మరి మొరం అయిపోయాక? టిప్పర్లు వెళ్లిపోతాయి, గుంత ఊరికి మిగులుతుంది. వానాకాలంలో అది లోతు తెలియని మడుగు. ఎండాకాలంలో గడ్డి కూడా మొలవని బీడు.

ఈ గుంతను మళ్లీ పచ్చగా చేయొచ్చా? చేయొచ్చు. కాకపోతే ఆ పని తవ్వకం అయిపోయాక మొదలుపెడితే ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ. మొదటి బకెట్ మట్టి తీసే రోజుకే ప్లాన్ చేతిలో ఉండాలి. ఎందుకో, ఎలాగో ఇక్కడ చూద్దాం.

ముఖ్యాంశాలు

- పైమట్టిని విడిగా దాచకపోతే గుంతలో మొక్క నిలవడం కష్టం
- నిటారు గోడలను వాలుగా మార్చాలంటే మూడో వంతు మొరం లోపలే ఉండాల్సి రావచ్చు
- తవ్విన నేలలో మళ్లీ గడ్డి పెంచాలని 2020లోనే సుప్రీంకోర్టు ఆదేశం
- ముందు గడ్డి, ఆ తర్వాత చెట్టు: ఇదే సరైన వరుస

అసలు మొరం అంటే ఏంటి?

వరంగల్ చుట్టుపక్కల అడుగున ఉన్నది ఎక్కువగా గ్రానైట్, నైస్ జాతి రాయి. ఎండకు, వానకు వేల ఏళ్లుగా ఆ రాయి చితికి గరుకుగా మారిన పొరే మొరం. దానిపైన పలుచగా ఎర్ర చల్క మట్టి ఉంటుంది. కింద గట్టి రాయి. అంటే పంట పండే మట్టికీ బండకూ మధ్య పొర ఇది.

ఈ పొరకు రెండు గుణాలున్నాయి. రోలర్ తిప్పితే గట్టిగా కూర్చుంటుంది కాబట్టి రోడ్డుకు, పునాదికి బాగా పనికొస్తుంది. కానీ ఇందులో సేంద్రియ పదార్థం దాదాపు ఉండదు, నీటిని పట్టి ఉంచే శక్తి తక్కువ. అందుకే కట్టడానికి మంచి మొరం, మొక్కకు మాత్రం చెడ్డ నేల.

డిమాండ్ తగ్గే సూచనలు కూడా లేవు. 2023 జూలై 8న ప్రధాని మోదీ వరంగల్‌లో శంకుస్థాపన చేసిన పనుల్లో నాగ్‌పూర్–విజయవాడ కారిడార్‌లోని మంచిర్యాల–వరంగల్ భాగం, కరీంనగర్–వరంగల్ రహదారి నాలుగు లేన్ల విస్తరణ, కాజీపేట రైల్వే తయారీ యూనిట్ ఉన్నాయి. ఇలాంటి ఏ పనికైనా కట్ట పోయడానికి, నేల ఎత్తు పెంచడానికి మట్టి కావాల్సిందే.

చట్టం ఏం చెబుతోంది?

గ్రావెల్, మొరం, మామూలు మట్టి లాంటివి ‘చిన్న తరహా ఖనిజాలు’. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం వీటికి నిబంధనలు రాసే అధికారం రాష్ట్రాలది. మీ సొంత పట్టా భూమే అయినా అమ్మకానికి మొరం తవ్వాలంటే గనుల శాఖ అనుమతి, సీనరేజీ తప్పవు.

ఇక కోర్టు తీర్పుల్లో మూడు ముఖ్యం.

2012 ఫిబ్రవరి 27: దీపక్ కుమార్ వర్సెస్ హర్యానా కేసులో సుప్రీంకోర్టు, 5 హెక్టార్ల లోపు చిన్న లీజులకు కూడా పర్యావరణ అనుమతి కావాలని చెప్పింది. పెద్ద గనిని చిన్న చిన్న ముక్కలు చేసి అనుమతి తప్పించుకునే దారికి ఇక్కడే అడ్డం పడింది.

2020 జనవరి 8: కామన్ కాజ్ కేసులో, తవ్వకం పూర్తయ్యాక ఆ నేలలో మళ్లీ గడ్డి పెంచాలని, పశుగ్రాసం, చెట్లు, జీవజాలం పెరిగే స్థితికి భూమిని తేవాలని లీజుల్లో షరతు పెట్టమని సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఖర్చు లీజుదారుడిదే. తర్వాత కొద్ది రోజుల్లోనే కేంద్ర పర్యావరణ శాఖ ఈ షరతును అనుమతుల్లో చేర్చింది.

2024 మార్చి 21: రోడ్లు, పైప్‌లైన్ల లాంటి లీనియర్ ప్రాజెక్టులకు మామూలు మట్టి తీయడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదంటూ 2020 మార్చిలో ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎంత మట్టి, ఎలాంటి ప్రాంతం, ఏ పద్ధతి అనే హద్దే లేకుండా మినహాయింపు ఇవ్వడం ఏకపక్షమని తప్పుపట్టింది.

అంటే కాగితం మీద బాధ్యత స్పష్టంగానే ఉంది. నేల మీదికి రావాలంటే ప్లాన్‌లో నాలుగు విషయాలు తేలాలి: పైమట్టి, వాలు, నీరు, మొక్కలు.

మొదటి లెక్క: పైమట్టి ఎక్కడ దాస్తారు?

పైనున్న 20–30 సెంటీమీటర్ల మట్టిలోనే విత్తనాలు, వేర్లకు తోడుండే శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు, ఉన్న కాస్త సేంద్రియ పదార్థం ఉంటాయి. గడ్డి, పొదలు తిరిగి రావడానికి కావాల్సిన సరుకంతా అక్కడే ఉంది. జేసీబీ వచ్చిన మొదటి రోజు ఈ మట్టిని మొరంతో కలిపి టిప్పర్‌కెత్తితే అది ఎవరి ప్లాటు కిందనో పడిపోతుంది. మళ్లీ కొనుక్కుందామన్నా అదే మట్టి దొరకదు.

లెక్క చూడండి. ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాల నేలలో 30 సెంటీమీటర్ల పైమట్టి తీస్తే 3,000 ఘనపు మీటర్లు వస్తుంది. 10 ఘనపు మీటర్ల టిప్పర్ అనుకుంటే 300 ట్రిప్పులు. ఇంత మట్టి పెట్టడానికి జాగా ముందే చూసుకోవాలి.

దాచడంలో కూడా పద్ధతి ఉంది:

- కుప్ప ఎత్తు 2 మీటర్లు దాటకూడదు. ఎత్తు పెరిగితే లోపల గాలి ఆడక మట్టిలోని జీవం చచ్చిపోతుంది.
- కుప్ప మీద జనుము లేదా పిల్లిపెసర చల్లాలి. వానకు కొట్టుకుపోదు, కలుపు కూడా తగ్గుతుంది.
- దాని మీదుగా బండ్లు తిరగనివ్వకూడదు.
- ఏళ్ల తరబడి నిల్వ పెట్టొద్దు. ఒక పక్క తవ్వుతూ, పూర్తయిన పక్క వెంటనే పరిచేయాలి. అప్పుడు మట్టిని రెండుసార్లు మోసే ఖర్చు కూడా తప్పుతుంది.

రెండో లెక్క: నిటారు గోడ ఉంచుతారా, వాలు చేస్తారా?

ఊరికి ప్రాణాపాయం ఎక్కువగా ఇక్కడే. నిటారుగా కోసిన మొరం గోడ వానకు నాని ఒక్కసారిగా కూలుతుంది. గుంతలో నీళ్లుంటే ఈతకు దిగిన పిల్లలకు, నీళ్లకు వచ్చిన పశువులకు పైకి ఎక్కే దారే ఉండదు.

పని జరిగే సమయానికి 1961 నాటి మెటల్లిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో మొరం పేరు పెట్టి మరీ నిబంధన ఉంది. మొరం, గ్రావెల్, బంకమట్టి లాంటి నేలల్లో పక్కల వాలు 45 డిగ్రీలు మించకూడదు. లేదంటే మెట్లు మెట్లుగా తవ్వాలి. ఒక్కో మెట్టు ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు.

అయితే ఇది కూలీలు, యంత్రాల భద్రత కోసం. మొక్కకు 45 డిగ్రీలు చాలా నిటారు. పరిచిన పైమట్టి మొదటి వానకే జారిపోతుంది. పచ్చదనం నిలవాలంటే 1:3 వాలు మంచిది. అంటే ఒక మీటరు లోతుకు మూడు మీటర్ల దూరం, సుమారు 18 డిగ్రీలు. అలాంటి వాలు మీద మనిషి, పశువు నడిచి ఎక్కి రాగలరు.

ఇప్పుడు అసలు మెలిక. 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల లోతు గుంతను నిటారుగా తవ్వితే 60,000 ఘనపు మీటర్ల మొరం వస్తుంది. అదే గుంతను నాలుగు పక్కలా 1:3 వాలుతో తవ్వితే వచ్చేది సుమారు 41,000 ఘనపు మీటర్లే. తేడా 19,000 ఘనపు మీటర్లు, దాదాపు మూడో వంతు. ఆ మొరం వాలు రూపంలో లోపలే ఉండిపోవాలి. నిటారు గోడలు ఎందుకు మిగులుతున్నాయో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

మధ్యేమార్గం కూడా ఉంది. నిటారు గోడ పైభాగాన్ని కోసి అదే మట్టిని కింద పోసి వాలు చేయొచ్చు. 6 మీటర్ల గోడను ఇలా 1:3 వాలుకు తేవాలంటే అంచు నుంచి బయటికి 9 మీటర్ల నేల కావాలి. మైనింగ్ ప్లాన్‌లలో సాధారణంగా లీజు హద్దు లోపల వదిలే పట్టీ 7.5 మీటర్లు. అది చాలదు. అంచు దాకా తవ్వేస్తే మరీ కష్టం, పక్క రైతు పొలం కోయాల్సి వస్తుంది. తవ్వక ముందు గీసే మ్యాప్‌లోనే ఈ పట్టీ వెడల్పు తేలాలనేది అందుకే.

మూడో లెక్క: వాన నీళ్లు ఎటు పోతాయి?

వరంగల్ ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. ఒక హెక్టారు గుంత మీద పడే వానే ఏడాదికి దాదాపు కోటి లీటర్లు. పక్క నేల నుంచి వచ్చి చేరేది దీనికి అదనం.

ఒక్క రోజులో ఎంత పడొచ్చో కూడా ఈ ప్రాంతం చూసింది. 2023 జూలైలో ఉమ్మడి వరంగల్‌లోని ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. అలాంటి వాన ఒక హెక్టారు మీద పడితే 65 లక్షల లీటర్లు. వదులుగా పోసిన మట్టి కుప్పలు దీనికి నిలుస్తాయా?

కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువుల నేల ఇది. ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. గుట్ట వాలులో తవ్వకం జరిగితే రెండు రకాల నష్టం. చెరువుకు పోయే కాలువ తెగిపోతుంది, లేదంటే కోతకు గురైన మట్టి వెళ్లి చెరువులో పూడికగా చేరుతుంది. అందుకే ప్లాన్‌లో ఇవి ఉండాలి:

- గుంత పైభాగాన వాన నీటిని పక్కకు మళ్లించే కందకం
- మట్టిని ఆపే చిన్న గుంట, దాని తర్వాతే వాగులోకి వదలడం
- చెరువు కాలువల హద్దులు మ్యాప్ మీద గుర్తించి, అక్కడ తవ్వకం లేకుండా చూడటం
- వాలు మీద అడ్డంగా కాంటూర్ కందకాలు

గుంతను కుంటగా ఉంచుకోవాలని ఊరు అనుకుంటే అదీ మంచి ఆలోచనే. భూగర్భ జలాలకు ఊట అవుతుంది. కాకపోతే ఒడ్డు ఇంకా మెల్లగా దిగాలి, 1:5 వాలైతే మేలు. లోతున్న చోట కంచె, బోర్డు తప్పనిసరి.

ఏం నాటాలి? ఎప్పుడు నాటాలి?

చాలాచోట్ల జరిగేది ఏంటంటే, జూలైలో గుంతలు తీసి మొక్కలు నాటి ఫొటో దిగుతారు. మార్చికల్లా సగం ఎండిపోతాయి. తప్పు మొక్కది కాదు, కింద నేలది. యంత్రాలు తిరిగి తిరిగి గుంత అడుగు సిమెంటు గచ్చులా గట్టిపడి ఉంటుంది. వేరు దిగదు, నీరు ఇంకదు. అందుకే పైమట్టి పరిచే ముందు రిప్పర్‌తో అర మీటరు లోతుకు చీల్చాలి. ఇది మే నెలలోనే అయిపోవాలి.

తొలకరికి గడ్డి: మొదటి వానకే గడ్డి విత్తనం పడాలి. స్టైలో, అంజన్ గడ్డి, దీనానాథ్ గడ్డి లాంటివి పేద నేలను తట్టుకుంటాయి. వాలు అంచుల్లో వట్టివేరు వరుసలు మట్టిని పట్టి ఉంచుతాయి. నీరు నిలిచే పల్లంలో జీలుగ, ఆరే చోట జనుము చల్లి పూతకు ముందు కలియదున్నితే నేలకు నత్రజని అందుతుంది.

జూలై, ఆగస్టులో చెట్లు: ఇక్కడి గుట్టల మీద సహజంగా పెరిగేవే ముందు ఎంచుకోవాలి. తంగేడు, సీతాఫలం, కానుగ మొదటి వరుసకు మంచివి. వీటి ఆకును మేకలు, పశువులు పెద్దగా ముట్టవు. కంచె బలహీనంగా ఉన్నా నిలబడతాయి. తర్వాత వేప, రేల, మోదుగ, చండ్ర, నారేప, రేగు, ఉసిరి. నీటి ఒడ్డున నల్లమద్ది, వెదురు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా.

ఎంత దూరంలో? 4 మీటర్లకు ఒకటి చొప్పున హెక్టారుకు 625 మొక్కలు పడతాయి. గుంతలో పైమట్టి, పశువుల ఎరువు వేయాలి. లోపలి మొరాన్నే తిరిగి పోస్తే లాభం లేదు.

వేటికి దూరంగా ఉండాలి? సర్కారు తుమ్మ, సుబాబుల్ త్వరగా పచ్చగా కనిపిస్తాయి. కానీ పక్క పొలాల్లోకి పాకుతాయి, మిగతా మొక్కలను రానివ్వవు. ఒకే రకం నీలగిరి నాటడం కూడా అడవి అనిపించుకోదు.

మూడేళ్ల కాపలా: మొదటి రెండు వేసవుల్లో నీళ్లు, చచ్చిన చోట మళ్లీ మొక్క, మేత నుంచి రక్షణ. ఈ మూడింటికీ డబ్బు కేటాయించని ప్లాన్ అసలు ప్లానే కాదు.

ఇంకో చిన్న విషయం. జనం తిరగని మూల ఒక చిన్న మట్టి గోడను అలాగే వదిలితే లకుముకి పిట్టల్లాంటివి బొరియలు చేసి గూడు పెట్టుకుంటాయి. అన్నీ చదును చేయాల్సిన పనిలేదు.

ఇప్పటికే తవ్వేసిన పాత గుంతల సంగతేంటి?

పైమట్టి పోయిన చోట ఓరుగల్లు ప్రాంతానికి ఒక దారి ఉంది. అదే చెరువు పూడిక మట్టి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రైతులు చెరువుల ఒండ్రును పొలాలకు తోలుకున్నది గుర్తుండే ఉంటుంది. అదే మట్టి గరుకు మొరం మీద 10 సెంటీమీటర్ల మందాన పరిచినా నీటిని పట్టే శక్తి పెరుగుతుంది. హెక్టారుకు 1,000 ఘనపు మీటర్లు కావాలి. దగ్గర్లో పూడిక తీసే పని జరుగుతున్నప్పుడే చేస్తే రవాణా ఖర్చు కలిసొస్తుంది. మొత్తం పరచలేకపోతే మొక్క గుంతల్లోనైనా నింపాలి.

చేయకూడని పని ఒకటుంది. గుంత ఉంది కదా అని ఊరి చెత్త పోయడం. మొరం నీటిని సులువుగా కిందికి వదులుతుంది. చెత్త నుంచి ఊరే మురుగు నేరుగా బావులు, బోర్లలోకి చేరే ప్రమాదం ఉంది. థర్మల్ ప్లాంట్ బూడిదతో నింపాలన్నా కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలు పాటించాల్సిందే.

వేరే చోట ఎవరైనా చేశారా?

చేశారు. గురుగ్రామ్‌లోని ఆరావళి బయోడైవర్సిటీ పార్క్ ఒకప్పుడు రాతి క్వారీలు, క్రషర్లు నడిచిన నేల. 2010 నుంచి పౌరులు, మున్సిపల్ కార్పొరేషన్ కలిసి అక్కడి స్థానిక జాతుల మొక్కలతోనే దాదాపు 390 ఎకరాల్లో అడవిని తిరిగి పెంచారు. 2022లో అభయారణ్యాల బయట జీవవైవిధ్యాన్ని కాపాడే ప్రాంతంగా దేశంలో తొలి గుర్తింపు దీనికే దక్కింది. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ దగ్గరి అటెన్‌బరో నేచర్ రిజర్వ్ అయితే అచ్చంగా గ్రావెల్ గుంతలే. నీళ్లు నిండిన ఆ గుంతలు 1966 నుంచి పక్షుల కేంద్రంగా ఉన్నాయి.

మన దగ్గర కూడా ఉమ్మడి వరంగల్‌లో భాగమైన భూపాలపల్లి సహా బొగ్గు ప్రాంతాల్లో సింగరేణి ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టల మీద మొక్కలు పెంచుతోంది. అక్కడ ఒక తేడా గమనించాలి. బొగ్గు గనుల మూసివేతకు 2009లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన ఎస్క్రో ఖాతాలో ముందే డబ్బు కట్టాలని పెట్టారు. గని మూతపడే నాటికి డబ్బు లేదనే మాట రాకుండా చూడటమే దీని ఉద్దేశం. మొరం గుంత విషయంలో కూడా మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: డబ్బు పక్కన పెట్టారా?

ఊరు ఏం అడగాలి?

చిన్న లీజులకు సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. కాబట్టి అడిగే పని ఊరిదే. పర్యావరణ అనుమతి పత్రాలు కేంద్రం పరివేష్ పోర్టల్‌లో చూడొచ్చు. అనుమతి షరతులు పాటిస్తున్నట్టు లీజుదారుడు ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. కనిపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అడగొచ్చు. అడగాల్సినవి ఇవే:

- లీజు హద్దులు, లోతు ఎంత? గట్లు, చెరువు కాలువలకు ఎంత దూరం వదిలారు?
- పైమట్టి కుప్ప ఎక్కడ? ఎన్ని ఘనపు మీటర్లు?
- చివరికి పక్కల వాలు ఎంత ఉంటుంది? అంచున తవ్వకుండా ఎంత పట్టీ వదిలారు?
- తవ్వకం ఏ పక్క నుంచి మొదలై, ఏ పక్క ముందు పూర్తవుతుంది?
- గడ్డి, మొక్కలు ఏవి? మూడేళ్ల నీళ్లు, కాపలా ఖర్చు ఎవరిది?
- చివరికి ఆ నేల దేనికి? మేత బీడుకా, కుంటకా, పండ్ల తోటకా?

పట్టా భూమిని మొరానికి ఇచ్చే రైతులైతే ఈ మాటలను ఒప్పంద పత్రంలోనే రాయించుకోవాలి. మొరం డబ్బు ఒక్కసారే వస్తుంది. ఆ తర్వాత పిల్లలకు మిగిలేది ఆ నేలే. పైమట్టి, వాలు, అంచు పట్టీ అనే మూడు మాటలు కాగితం మీదికి ఎక్కితే గుంత మళ్లీ భూమి అయ్యే అవకాశం ఉంటుంది. ఎక్కించాల్సింది జేసీబీ గుట్ట దగ్గరికి రాకముందే.